మంచు మీద మంట ఆరితే? పంపు స్టవ్వుతో ఉత్తర ధ్రువం వైపు నడిచిన నాన్సెన్ కథ!

చలికాలం వచ్చిందంటే చాలు.. తెలంగాణలో అతి తక్కువ టెంపరేచర్ల లిస్టులో సంగారెడ్డి జిల్లా కోహీర్ పేరు తరచూ కనిపిస్తుంది. పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో నైట్ షిఫ్ట్ దిగినవాళ్లు గేటు ముందే చెక్కముక్కలు పోగేసి మంట వేసుకుంటారు. కాసేపు చేతులు కాపుకుని, ఓ వేడి చాయ్ తాగితే గానీ బండి తీయబుద్ధి కాదు. సింగిల్ డిజిట్ చలికే మన పరిస్థితి ఇది.

ఇదే బెల్టులో పనిచేసే కుర్రాళ్లు ఇప్పుడు వీకెండ్ వస్తే టెంట్ పట్టుకుని అనంతగిరి కొండలకు వెళ్తున్నారు. అక్కడితో ఆగట్లేదు. ఆ తర్వాత మనాలి, ఆపైన స్పితి, లద్దాఖ్. ఆ టూర్లలో చాలామందికి ఎదురయ్యే వింత అనుభవం ఒకటుంది. రాత్రి మ్యాగీ చేసుకుందామని చిన్న గ్యాస్ డబ్బా బిగిస్తారు. ఊపి చూస్తే లోపల గ్యాస్ ఉన్నట్టే తెలుస్తుంది. లైటర్ కొడితే మాత్రం మంట రాదు. వచ్చినా దీపం వత్తిలా మినుకుమంటుంది. డబ్బా డిఫెక్ట్ అనుకుని షాపువాణ్ని తిట్టుకుంటారు.

తప్పు డబ్బాది కాదు, చలిది. ఆ డబ్బాలో ఉండేది ద్రవరూపంలో ఉన్న గ్యాస్. అది ఆవిరైతేనే బర్నర్ దాకా వస్తుంది. బ్యూటేన్ అనే గ్యాస్ సుమారు మైనస్ 0.5 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది. అంతకంటే చలి ఉంటే అది నీళ్లలాగా డబ్బాలోనే కూర్చుంటుంది. ఐసోబ్యూటేన్ అయితే మైనస్ 12 దాకా, ప్రొపేన్ అయితే మైనస్ 42 దాకా ఆవిరవుతాయి. అందుకే చలి ప్రాంతాలకు వెళ్లేటప్పుడు డబ్బా మీద ఏముందో చదవాలంటారు.

ఇదంతా ఇప్పుడు ఫోన్‌లో వెతికితే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. కానీ 130 ఏళ్ల కిందట ఒక మనిషి దీన్ని ఒంటి మీద అనుభవించి నేర్చుకున్నాడు. మంచు ఎడారిలో ఏ పొయ్యి పెట్టాలి, ఏ నూనె పోయాలి, ఎంత మోయాలి అని లెక్కలు కట్టాడు. ఆయన పేరు ఫ్రిట్యోఫ్ నాన్సెన్. నార్వే దేశస్థుడు. నోబెల్ శాంతి బహుమతి వచ్చిన వ్యక్తిగా చాలామందికి తెలుసు. ఆయన పొయ్యి గురించి తెలిసినవాళ్లు మాత్రం తక్కువే.

లాయర్ గారబ్బాయి.. మంచులో పెరిగాడు

1861 అక్టోబర్ 10న ఇప్పటి ఓస్లో నగరం శివార్లలో పుట్టాడు నాన్సెన్. అప్పట్లో ఆ ఊరి పేరు క్రిస్టియానియా. తండ్రి లాయర్. మన దగ్గర పిల్లలు చెరువులో ఈత నేర్చినట్టు అక్కడ పిల్లలు స్కీయింగ్ నేర్చుకుంటారు. నాన్సెన్ అందులో ఆరితేరాడు. యూనివర్సిటీలో జంతుశాస్త్రం తీసుకున్నాడు. దానికీ కారణం ఉంది. నాలుగు గోడల మధ్య కూర్చోకుండా బయట తిరగొచ్చనే ఆశ!

1882లో సీల్ వేటకు వెళ్లే ఓడ ఎక్కి ఆర్కిటిక్ సముద్రం చూసొచ్చాడు. ఆ ప్రయాణంలోనే దూరం నుంచి గ్రీన్‌లాండ్ తూర్పు తీరం కనిపించింది. లోపలంతా మంచు. ఆ మంచును ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటినవాళ్లు అప్పటికి ఎవరూ లేరు. ఆ ఆలోచన పురుగులా తొలిచింది.

తిరిగొచ్చాక బెర్గెన్ మ్యూజియంలో ఉద్యోగం. అక్కడ నాడీకణాల మీద రీసెర్చ్ చేసి 1888లో డాక్టరేట్ తీసుకున్నాడు. పట్టా వచ్చిన కొద్ది రోజులకే గ్రీన్‌లాండ్‌కు బయలుదేరాడు. అప్పటికి వయసు 26.

వెనక్కి దారి లేని ప్లాన్

అంతకు ముందు ప్రయత్నించిన వాళ్లంతా పడమర నుంచి బయలుదేరారు. ఎందుకంటే జనం ఉండేది అటువైపే. కష్టమైతే వెనక్కి రావచ్చు. నాన్సెన్ రివర్స్‌లో ఆలోచించాడు. ఎవరూ లేని తూర్పు తీరంలో దిగి పడమరకు నడవాలి. అప్పుడు వెనక్కి తిరిగితే ఏమీ ఉండదు, ముందుకు వెళ్తేనే ఊరు. ధైర్యం అనాలో మొండితనం అనాలో తెలీదు గానీ, అప్పట్లో పేపర్లు కూడా ఆయన్ని బాగానే వెక్కిరించాయి.

మొత్తం ఆరుగురు. వాళ్లలో ఒట్టో స్వెర్‌డ్రుప్ తర్వాత కూడా ఆయనతో కలిసి నడిచాడు. బాల్టో, రావ్నా అనే ఇద్దరు సామీ తెగవాళ్లు. 1888 జూలైలో ఓడ దిగి చిన్న పడవలెక్కితే తేలే మంచు వాళ్లను దక్షిణానికి ఈడ్చుకుపోయింది. తిరిగి పైకి వచ్చి, ఆగస్టు మధ్యలో గానీ అసలు నడక మొదలుకాలేదు.

ఆ ట్రిప్‌లో వాళ్లు తీసుకెళ్లింది స్పిరిట్ పొయ్యి. స్పిరిట్ శుభ్రంగా మండుతుంది, పొగ రాదు, చెడిపోవడానికి పొయ్యిలో పెద్ద భాగాలేమీ ఉండవు. కానీ బరువు చూస్తే లెక్క తేడా కొడుతుంది. కిలో స్పిరిట్ ఇచ్చే వేడి, కిలో కిరోసిన్ ఇచ్చే వేడిలో మూడింట రెండొంతుల కన్నా తక్కువే. స్లెడ్జి బండి మీద ప్రతి కిలోనూ మనిషే లాగాల్సిన చోట ఇది మామూలు తేడా కాదు.

అసలు కష్టం ఆకలి కాదు, దాహం. వినడానికి విచిత్రంగా ఉంటుంది. కాళ్ల కింద కిలోమీటర్ల కొద్దీ నీళ్లే. కానీ గడ్డకట్టి ఉన్నాయి. మంచును అలాగే తింటే ఒంట్లో వేడి పోతుంది, దాహం తీరదు. కరిగించాలంటే ఇంధనం కావాలి. ఇంధనం లెక్క ప్రకారమే ఉంది. అందుకే ప్రతి ఒక్కరూ ఒక ఫ్లాస్కులో మంచు కూరుకుని చొక్కా లోపల గుండెకు ఆనించుకుని నడిచేవాళ్లు. ఒంటి వేడికి కరిగిన ఆ కొద్ది నీళ్లే పగటిపూట దిక్కు.

ఇంకో దెబ్బ కూడా తగిలింది. ఎండబెట్టిన మాంసంలో కొవ్వు కలిపి పెమ్మికన్ అనే ఆహారం చేస్తారు. వాళ్లకు అందిన దాంట్లో కొవ్వు లేదు. ఆ చలిలో ఒళ్లు కొవ్వు కోసం అల్లాడిపోయింది. రాత్రిళ్లు మైనస్ 45 డిగ్రీల దాకా పడిపోయాయి. 2,700 మీటర్ల ఎత్తు దాటి, మళ్లీ దిగి, చివర్లో టెంట్ గుడ్డతో, కొమ్మలతో ఒక తొట్టి లాంటి పడవ కట్టుకుని నాన్సెన్, స్వెర్‌డ్రుప్ అక్టోబర్ 3న గాడ్‌హాబ్ చేరారు. అదే ఇప్పటి నూక్. ఆ ఏడాది చివరి ఓడ తప్పిపోయింది. చలికాలమంతా అక్కడి ఇన్యూట్ జనంతో గడిపి, వాళ్ల దగ్గర కయాక్ నడపడం, కుక్కల బండి తోలడం నేర్చుకుని 1889 మేలో ఇంటికొస్తే క్రిస్టియానియా మొత్తం రేవు దగ్గరకు వచ్చింది.

జనం హీరోను చూశారు. ఆయన మాత్రం పొయ్యి గురించి ఆలోచిస్తున్నాడు.

మన అమ్మమ్మల పంపు స్టవ్వే!

1892లో స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ అనే వ్యక్తి ఒక కొత్త కిరోసిన్ స్టవ్వు తయారుచేశాడు. వత్తి ఉండదు. కింద ఇత్తడి ట్యాంకు, దానికి చిన్న పంపు. గాలి కొడితే ప్రెషర్‌కు కిరోసిన్ పైకి ఎక్కుతుంది. వేడెక్కిన గొట్టంలో ఆవిరై, సన్నని రంధ్రంలోంచి బుస్సుమని వచ్చి నీలం రంగు మంటగా మండుతుంది. మసి లేదు. దాని పేరు ప్రైమస్.

గుర్తొచ్చిందా? మన ఇళ్లలో గ్యాస్ రాకముందు ఉన్న పంపు స్టవ్వు అదే. తెలంగాణలో గాసునూనె అంటారు, కోస్తాలో కిరసనాయిలు అంటారు. ఏదైతేనేం.. కప్పులో కాస్త స్పిరిట్ పోసి వెలిగించి, బర్నర్ వేడెక్కాక పంపు కొట్టి, నడుమ మూసుకుపోతే పిన్ను పెట్టి పొడిచి.. ఆ తంతు నలభై దాటిన ఎవరినడిగినా చెబుతారు. పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు వేరే జిల్లాల నుంచి, వేరే రాష్ట్రాల నుంచి వచ్చి సింగిల్ రూముల్లో ఉన్న కార్మికులకు అప్పట్లో వంటిల్లంటే ఆ స్టవ్వే. మా ఇంట్లోనూ సజ్జ మీద ఒకటి చాలాకాలం ఉండేది. తోమితే ఇత్తడి మెరిసేది గానీ వాషర్ పోయి పంపు పట్టేది కాదు.

దానికి మన దగ్గర చెడ్డపేరు కూడా ఉంది. స్టవ్ పేలి కోడలు మృతి అనే వార్త ఒకప్పుడు పేపర్లలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. వాటిలో అన్నిసార్లూ తప్పు స్టవ్వుది కాదని అందరికీ తెలుసు.

సరే, నాన్సెన్ దగ్గరకు వద్దాం. ఆయన ఈ ప్రైమస్‌ను తీసుకుని, దాని చుట్టూ ఒక వంటపాత్ర డిజైన్ చేశాడు. మన పాత ఇళ్లలో రాగి బాయిలర్ చూసే ఉంటారు. నడిమి గొట్టంలో మంట, చుట్టూ నీళ్లు. దాదాపు అదే ఐడియా. మధ్యలో కూర ఉడికే గిన్నె. దాని చుట్టూ ఉంగరంలా ఇంకో పాత్ర, అందులో మంచు. పైన పళ్లెంలా మరొకటి, అందులోనూ మంచు. అన్నిటికీ కలిపి మీద ఒక మూత. మంట నుంచి వచ్చే వేడిగాలి గిన్నె కింద తగిలి, పక్క నుంచి పైకి పాకి, పై పళ్లేన్ని తాకి, అప్పుడు బయటికి పోతుంది. అంటే భోజనం ఉడికే టైంకే తాగడానికి నీళ్లు రెడీ. పాత్రలు చాలావరకు తేలికైన అల్యూమినియం.

దీని వెనక సింపుల్ ఫిజిక్స్ ఉంది. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న కిలో మంచును నీళ్లు చేయడానికి దాదాపు 80 కిలో క్యాలరీలు కావాలి. ఆ నీళ్లను మరిగించడానికి ఇంకో 100. అంటే కొళాయి నీళ్లతో చాయ్ పెట్టుకోవడానికి, మంచుతో చాయ్ పెట్టుకోవడానికి ఇంధనంలో డబుల్ తేడా. మనం ఇంట్లో గ్యాస్ ఎంత ఖర్చవుతుందో చూసి ట్రెక్కింగ్‌కు లెక్కేస్తే బొక్కబోర్లా పడేది ఇక్కడే. చలి దేశంలో స్టవ్వు వంట కోసం అనుకుంటాం. ముందు అది నీళ్ల కోసం.

120 రోజులు.. 20 లీటర్లు

నాన్సెన్ తర్వాతి ప్లాన్ ఇంకా పిచ్చిది. జెన్నెట్ అనే అమెరికన్ ఓడ 1881లో సైబీరియా దగ్గర మంచులో నలిగి మునిగింది. మూడేళ్లకు దాని సామాన్లు గ్రీన్‌లాండ్ తీరంలో దొరికాయి. అంటే ధ్రువం మీదుగా మంచు మెల్లగా కదులుతోందన్నమాట. అయితే కావాలనే ఒక ఓడను మంచులో ఇరికిస్తే? అదే తీసుకెళ్తుంది కదా!

ఆ ఓడే ఫ్రామ్. కొలిన్ ఆర్చర్ కట్టాడు. అడుగు గుండ్రంగా ఉంటుంది, మంచు నొక్కితే నలగకుండా పైకి లేస్తుంది. 1893 జూన్ 24న 13 మందితో బయలుదేరింది. సెప్టెంబర్‌కల్లా మంచులో ఇరుక్కుంది. అనుకున్నట్టే కదిలింది కానీ నత్తనడక. పైగా ధ్రువం మీదుగా పోదని ఏడాది దాటేసరికి తేలిపోయింది.

1895 మార్చి 14. నాన్సెన్, యాల్మర్ యోహాన్సెన్ ఇద్దరే ఓడ దిగారు. 28 కుక్కలు, మూడు స్లెడ్జిలు, రెండు కయాక్‌లు. కదులుతూనే ఉండే ఓడను మళ్లీ పట్టుకోవడం అసాధ్యం. ఇదీ వెనక్కి దారి లేని ప్రయాణమే. ఓడను స్వెర్‌డ్రుప్‌కు అప్పగించారు.

స్లెడ్జిలో ఆ పొయ్యి ఉంది. దాంతోపాటు సుమారు 20 లీటర్ల కిరోసిన్. అది దాదాపు 120 రోజులు వచ్చింది. రోజుకు రెండు వేడి భోజనాలు, కావాల్సినన్ని నీళ్లు. లెక్కేస్తే రోజుకు 170 మిల్లీలీటర్ల లోపే. ఇద్దరికి కలిపి రెండు ఇరానీ చాయ్ కప్పులంత నూనె! గ్రీన్‌లాండ్‌లో గుండెకు ఫ్లాస్కు ఆనించుకుని నడిచిన మనిషి సాధించింది ఇదీ.

అలాగని అది పిక్నిక్ అనుకోవద్దు. మైనస్ 40 చలి. పగలు చెమట పట్టి బట్టల్లోనే గడ్డకట్టేది. రాత్రి స్లీపింగ్ బ్యాగులో దూరాక ఒంటి వేడికి అవి కరగడానికే గంటకు పైగా పట్టేది. చేతులు కొయ్యబారిపోతే పొయ్యి వెలిగించడమే పెద్ద పని. ఏప్రిల్ 8 నాటికి 86 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం దాకా వెళ్లారు. అప్పటిదాకా ఏ మనిషీ అంత ఉత్తరానికి వెళ్లలేదు. ముందంతా ఎగుడుదిగుడు మంచు గుట్టలే కనిపించేసరికి నాన్సెన్ ఆగిపోయాడు. అక్కడి నుంచి ధ్రువం ఇంకా 400 కిలోమీటర్ల పైమాటే. ఇగో చూసుకోకుండా వెనక్కి తిరగడం ఆయన చేసిన అతిపెద్ద పని అని నా అభిప్రాయం.

పంపు స్టవ్వు నుంచి కొవ్వు దీపానికి

దక్షిణంగా ఫ్రాంజ్ జోసెఫ్ ల్యాండ్ దీవుల వైపు నడిచారు. తిండి తగ్గేకొద్దీ కుక్కలను ఒక్కొక్కటిగా చంపి మిగతా వాటికి పెట్టారు. చదవడానికే కష్టంగా ఉంటుంది. ఆగస్టులో దీవులు చేరేసరికి చలికాలం ముంచుకొచ్చింది. ఇక కదలడం కుదరదు.

రాళ్లు పేర్చి, నేల తవ్వి, దొరికిన ఒక దుంగను వెన్నుగాడిలా వేసి, పైన వాల్‌రస్ తోళ్లు కప్పి గుడిసె కట్టారు. సుమారు పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. పొగ గొట్టం మంచుతోనే కట్టారు, అది కరిగి కారేది. కిరోసిన్ రోజులు అయిపోయాయి. ఇప్పుడు ఇంధనం వేటాడిన జంతువుల కొవ్వే. స్లెడ్జికి వాడిన లోహపు రేకును మూలలు మడిచి ప్రమిదలా చేశారు. మందుల సంచిలోని బ్యాండేజీ గుడ్డ వత్తి అయ్యింది. మన కార్తీక దీపంలాంటిదే, నూనె బదులు కొవ్వు. ఆ దీపమే వెలుగు, అదే వేడి. గది మధ్యలో టెంపరేచర్ సున్నా దగ్గర ఉండేది, గోడలకు మాత్రం మంచు పేరుకునేది.

పొద్దున ఉడికించిన ఎలుగుబంటి మాంసం, రాత్రి వేయించిన ఎలుగుబంటి మాంసం. మెనూ అంతే. మిగతా టైమంతా నిద్ర. ఇద్దరూ మసి పట్టి నల్లగా, జిడ్డుగా తయారయ్యారు. విచిత్రం ఏంటంటే చలికాలం అయ్యేసరికి ఇద్దరూ బరువు పెరిగారు!

ఇంకో సంగతి. ఒకే స్లీపింగ్ బ్యాగులో పడుకున్న వీళ్లిద్దరూ నెలల తరబడి ఒకరినొకరు మీరు అనే పిలుచుకున్నారట. 1895 డిసెంబర్ 31 రాత్రి నువ్వు అని పిలుచుకుందామని నిర్ణయించుకున్నట్టు చెబుతారు.

1896 మే 19న గుడిసె వదిలారు. జూన్ 17న కుక్క అరుపు వినిపించింది. నాన్సెన్ ముందుకు వెళ్లి చూస్తే ఎదురుగా నీట్‌గా గడ్డం గీసుకుని, చెక్స్ సూట్ వేసుకున్న ఇంగ్లిష్ మనిషి. ఫ్రెడరిక్ జాక్సన్ అనే యాత్రికుడు అక్కడే కేప్ ఫ్లోరాలో క్యాంప్ వేసుకున్నాడు. మసిగుడ్డలా ఉన్న ఈయన నాన్సెన్ అని గుర్తుపట్టడానికి అతనికి కాసేపు పట్టింది. ఆగస్టు 13న నాన్సెన్ నార్వే చేరాడు. అదే రోజు ఫ్రామ్ కూడా మంచులోంచి బయటపడింది. 13 మందిలో ఒక్కరూ చనిపోలేదు.

ఒకే పొయ్యి.. రెండు కథలు

ఆ తర్వాత ధ్రువాలకు వెళ్లే ప్రతి ఒక్కరూ నాన్సెన్ తలుపు తట్టారు. కెప్టెన్ స్కాట్ వచ్చాడు. అముండ్‌సెన్‌కు నాన్సెన్ ఏకంగా తన ఫ్రామ్ ఓడనే ఇచ్చాడు. దక్షిణ ధ్రువం రేసులో ఇద్దరి దగ్గరా ప్రైమస్ స్టవ్వే, ఇద్దరి దగ్గరా నాన్సెన్ తరహా కుక్కరే.

తేడా వచ్చింది డబ్బా మూత దగ్గర. దారి పొడవునా గుట్టల్లో దాచిన స్కాట్ కిరోసిన్ డబ్బాల మూతలకు తోలు వాషర్లు ఉన్నాయి. చలికి అవి బిగుసుకుని సందు ఇచ్చాయి. 1912లో తిరుగు ప్రయాణంలో డబ్బా తెరిచిన ప్రతిసారీ నూనె తక్కువ. నూనె తక్కువంటే నీళ్లు తక్కువ, వేడి తిండి తక్కువ, తడిసిన బట్టలు ఆరవు. ధ్రువం దాకా వెళ్లిన ఐదుగురిలో ఒక్కరూ తిరిగిరాలేదు. చివరి ముగ్గురి టెంట్, పెద్ద డిపోకు 18 కిలోమీటర్ల దూరంలో దొరికింది. చలి, ఆకలి, అనారోగ్యం, తుపాను.. కారణాలు చాలా ఉన్నాయి. కానీ ఆ లిస్టులో కిరోసిన్ లీక్‌ను ఎవరూ కొట్టేయలేరు. అముండ్‌సెన్ ఈ ప్రమాదం ముందే పసిగట్టి డబ్బాలకు సోల్డరింగ్ చేయించాడు. చారానా వాషర్ దగ్గర ఎంత తేడా!

అందుకే స్పితి వెళ్లే మన కుర్రాళ్లు స్టవ్వు బ్రాండ్ మీద పెట్టే శ్రద్ధ కాస్త లీకేజీ మీద, ఇంధనం మీద పెడితే మంచిది. సున్నాకు కొంచెం అటూ ఇటూ అయితే ప్రొపేన్, ఐసోబ్యూటేన్ కలిపిన డబ్బా సరిపోతుంది. అందులోనూ ఒక కిటుకు ఉంది. ప్రొపేన్ ముందు ఖర్చవుతుంది కాబట్టి డబ్బా సగం అయ్యాక మంట తగ్గుతుంది. మండేకొద్దీ డబ్బా తానే చల్లబడుతుంది కూడా. రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుంటే పొద్దున్నే పనిచేస్తుంది. మంట మీద వేడి చేయడం మాత్రం ఆత్మహత్యే. మైనస్ 15, 20 ఉండే చోట్లకు పంపు ఉన్న లిక్విడ్ స్టవ్వే నమ్మకం, అందులో వైట్ గ్యాస్ అయినా కిరోసిన్ అయినా. సియాచిన్‌లో మన జవాన్లు ఏళ్ల తరబడి బతికింది కిరోసిన్ మీదే. మంచు కరిగించేటప్పుడు గిన్నె అడుగున కొంచెం నీళ్లు ఉంచుకోవాలి, లేదంటే అడుగు మాడుతుంది.

విమానంలో గ్యాస్ డబ్బా ఒప్పుకోరు, చెకిన్ బ్యాగులో కూడా. రైల్లో మండే వస్తువులు తీసుకెళ్లడం నేరం. కాబట్టి స్టవ్వు ఇక్కడి నుంచి పట్టుకెళ్లినా ఇంధనం అక్కడే కొనుక్కోవాలి. స్టవ్వులో ఇంధనం చుక్క కూడా లేకుండా శుభ్రం చేయాలి.

టెంట్ జిప్ మూసి లోపల స్టవ్వు వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్ర వచ్చినట్టే ఉంటుంది. 1934లో అంటార్కిటికాలో ఒంటరిగా ఉన్న అమెరికన్ అడ్మిరల్ బర్డ్ తన గదిలోని స్టవ్వు, జనరేటర్ పొగకు చావు అంచు దాకా వెళ్లొచ్చాడు. మన దగ్గర బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని పడుకుని చనిపోయినవాళ్ల వార్తలు ప్రతి చలికాలం మేమే రాస్తుంటాం.

మంట లేని వాళ్ల కోసం

నాన్సెన్ మళ్లీ ధ్రువం వైపు నడవలేదు. 1905లో నార్వే స్వీడన్ నుంచి విడిపోయాక లండన్‌లో తొలి రాయబారిగా పనిచేశాడు. ఆయన లండన్‌లో ఉన్న రోజుల్లోనే, 1907 డిసెంబర్‌లో, భార్య ఈవా చనిపోయింది. 1913లో చిన్న కొడుకు పోయాడు. సముద్రాల మీద రీసెర్చ్‌లో మునిగిపోయాడు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆయనకు ఇంకో పని పడింది. రష్యాలో, యూరప్‌లో లక్షల మంది యుద్ధ ఖైదీలు ఇళ్లకు వెళ్లే దారి లేక క్యాంపుల్లో చలికి చచ్చిపోతున్నారు. 1920లో నానాజాతి సమితి ఈ బాధ్యత నాన్సెన్‌కు ఇచ్చింది. రెండేళ్లలో 4 లక్షలకు పైగా మందిని ఇళ్లకు చేర్చాడు. 1921లో రష్యా కరువు. సాయం అడిగితే ప్రభుత్వాలు ముఖం చాటేశాయి. ఊరూరా తిరిగి చందాలు పోగుచేశాడు. దేశం లేని శరణార్థుల కోసం ఒక గుర్తింపు పత్రం తయారుచేయించాడు. అదే నాన్సెన్ పాస్‌పోర్ట్. 50కి పైగా దేశాలు దాన్ని ఒప్పుకున్నాయి. 1922లో నోబెల్ శాంతి బహుమతి వస్తే ఆ డబ్బు కూడా సహాయ పనులకే వెళ్లింది.

1930 మే 13న ఓస్లో దగ్గర లైసాకర్‌లోని తన ఇంటి వరండాలో కూర్చుని ఉండగా కన్నుమూశాడు. నాలుగు రోజుల తర్వాత, నార్వే జాతీయ దినం నాడు, ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఫ్రామ్ ఓడ ఇప్పటికీ ఓస్లో మ్యూజియంలో ఉంది. లోపలికి ఎక్కి తిరిగి చూడొచ్చు.

పొయ్యి మాత్రం మ్యూజియంకు పోలేదు. 1953 మే 29 తెల్లవారుజామున, ఎవరెస్ట్ మీద 8,500 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న టెంట్‌లో, ఎడ్మండ్ హిల్లరీ బూట్లు రాయిలా గడ్డకట్టాయి. శిఖరం ఎక్కాల్సిన రోజు అది. టెన్జింగ్‌తో కలిసి పంపు స్టవ్వు వెలిగించి, ఒకవైపు మంచు కరిగించుకుని తాగుతూ, ఇంకోవైపు బూట్లు కాల్చి మెత్తబరచుకోవడానికే వాళ్లకు రెండు గంటలు పట్టింది. ఆ తర్వాతే బయటికి అడుగు పెట్టారు. 61 ఏళ్ల తర్వాత, 2014 మే 25న, అదే శిఖరం మీద నిలబడింది మన నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు కూడా నిండలేదు.